సగం స్పీడ్‌లో వాయించిన సోలో

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమే. దాని బరువంతా మా ఆయన మీదే పడింది, నేను చేతులూపుకుంటూ పక్కన నడిచాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా ఆయనకి ఇంజనీరింగ్ హాస్టల్ రోజుల నుంచీ ఒకటే పిచ్చి. ఒక పాత హార్డ్ రాక్ పాట, అందులో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే అర నిమిషం సోలో. పాట పేరు చెప్పను, చెబితే ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. రెండు చేతుల వేళ్ళూ తీగల మీదే పరిగెత్తాలి. మధ్యలో ఊపిరి తీసుకునే చోటుండదు. అమెరికా వచ్చాక, మోరిస్‌విల్ అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి గిటార్ అందుకునేవారు. చివరి నాలుగు సెకన్ల దగ్గర వేళ్ళు చిక్కుపడేవి. నవ్వేసి మళ్ళీ మొదటికి వెళ్ళేవారు. హాస్టల్ రోజుల నుంచి లెక్కేస్తే పదేళ్ళు అలాగే నవ్వారు.

నేనప్పుడు డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. హైదరాబాద్‌లో పదిమంది టీమ్‌ని నడిపినదాన్ని, ఇక్కడ ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక ఏమీ తోచక గిటార్ తీశాను. ఆయనే నేర్పారు, ఎంతో ఓపిగ్గా. వేళ్ళ చివర్లు మండుతుంటే, కొన్నాళ్ళకి కాయలు కాస్తాయి, అప్పుడు నొప్పి తెలీదని ధైర్యం చెప్పేవారు. నాలుగు నెలలకి ఆ సోలో నాకు సగం స్పీడ్‌లో వచ్చింది. సగం స్పీడ్‌లో మాత్రమే.

ఒక బుధవారం దాన్ని ముక్కలు ముక్కలుగా రికార్డ్ చేసి, అతికించి, లాప్‌టాప్‌లో స్పీడ్ రెట్టింపు చేశాను. శ్రుతి మారకుండా చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. హైదరాబాద్ ఆఫీస్‌లో మేం క్లయింట్‌కి డెమో చూపించే పద్ధతే ఇది. ఏ బటన్ నొక్కితే ఏం కనబడాలో ముందే పెట్టేసేవాళ్ళం, లోపల పని జరిగి ఉండేది కాదు, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. అదెప్పుడూ నాకు అబద్ధం అనిపించలేదు. ఇదీ అంతే అనుకున్నాను. ఆయనకి పంపించాను. సాయంత్రం రాగానే నవ్వుతూ చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని ఆరుసార్లు విన్నారట. ఇంటికొచ్చి నా చేతులు పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు. తనకి పదేళ్ళలో రానిది నాకు నాలుగు నెలల్లో వచ్చిందన్నారు. ఆ మాటలో కాస్త అసూయ ఉన్నా చెప్పేసేదాన్నేమో. లేదు, ఒట్టి సంతోషం. ఆ ఆదివారం ఆయన గిటార్ ముట్టుకోలేదు. తర్వాతి ఆదివారమూ అంతే. ఏమైందని అడిగితే, ఇంట్లో ఒకరికి వచ్చిందిగా, చాలు అన్నారు. మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు.

కానీ ఎక్కడికి వెళ్ళినా నా గొప్ప చెప్పేవారు. స్నేహితుల ఇళ్ళల్లో వాయించమని అడిగేవాళ్ళు. మణికట్టు నొప్పి అన్నాను. అది కూడా నమ్మారు. అప్పటినుంచి చపాతీ పిండి కలపడం, గిన్నెలు తోమడం తన మీద వేసుకున్నారు. లేని నొప్పికి పదకొండేళ్ళుగా ఆయన పిండి కలుపుతున్నారు. నవ్వొస్తే నవ్వండి. కొన్నాళ్ళు నాకూ లోలోపల నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను.

మొన్న శనివారం, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి అల్మారాలోంచి ఆ గిటార్ లాక్కొచ్చి నాన్నని నేర్పమంది. ఆయన నన్ను చూపించారు. అమ్మనడుగు, నాకది రాలేదు తల్లీ అన్నారు. బాధగా కూడా కాదు, తనకి ఎత్తు తక్కువ అని చెప్పినంత మామూలుగా. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను.

ఇంతవరకూ చెప్పింది సులువైన సగం. రికార్డింగ్ సంగతి తెలిస్తే ఆయన పగలబడి నవ్వుతారు, నాకు తెలుసు. ఆయనకి కాదు కదా, నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోనిది ఇంకొకటుంది.

ఆ రికార్డింగ్‌కి మూడు రోజుల ముందు, ఆదివారం. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాల్లో సోలో మొదలైంది. ఎప్పుడూ చిక్కుపడే చోటు వచ్చింది. ఈసారి దాటేశారు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. సోలో ఆఖరి దాకా వెళ్ళి ఆగింది. ఆయన గిటార్ మెడలో ఉండగానే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తనని తనే నమ్మలేని మొహం.

"విన్నావా? ఈసారి క్లీన్‌గా వచ్చింది కదా?"

ఆయన రికార్డ్ చేసుకోలేదు. ఆ ఇంట్లో విన్నదాన్ని నేనొక్కదాన్నే.

"లేదండీ. చివర్లో మళ్ళీ స్లిప్ అయ్యారు."

"అవునా? నాకలా అనిపించలేదే."

"నేను విన్నాగా."

తలూపి వెళ్ళిపోయారు. తన వేళ్ళకి తెలిసినదాని కన్నా నా మాటే నిజమనుకున్నారు.

ఎందుకన్నాను? ఉద్యోగం ఆయనది, వీసా ఆయనది, కారు ఆయనది, ఇది కూడా ఆయనదే అయిపోతే నాకేం మిగులుతుంది అనుకున్నానా? అంత ఆలోచించే టైమ్ కూడా లేదు. అడిగారు, నా నోట్లోంచి వచ్చేసింది. వీసా మీదికి తోసేయడం నాకు తేలిక, చాలాసార్లు తోశాను కూడా. నాలాగే ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు మా కాంప్లెక్స్‌లోనే ఎంతోమంది ఉండేవాళ్ళు. వాళ్ళెవరూ ఇలాంటి పని చేసి ఉండరు. ఇది నా బుద్ధి.

ఆయనకి ఎప్పుడు చెబుతానో తెలీదు. చెబుతానో లేదో కూడా తెలీదు. చెప్పినా ఆ పొద్దుటి సంతోషం ఆయనకి తిరిగి ఇవ్వలేను, మిమ్మల్ని క్షమించమని అడిగి ప్రయోజనం లేదు. ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలి, అంతే. ఆ ఆదివారం ఆయన ఎక్కడా తప్పలేదు. మొదటి నుంచి చివరి దాకా సరిగ్గా వాయించారు. నేను విన్నాను.