పంటల పండుగలో కప్ప పాట

పరువనేది ఒక్క దెబ్బకే పోతుందనుకునేవాళ్ళు నా సంగతి వినాలి. నాది ఒక ఆదివారం పొద్దున్న పదింటికి మొదలై, పదకొండున్నర దాకా విడతలు విడతలుగా పోయింది. అదీ బందరులో, చర్చి నిండా జనం ముందు, మా అమ్మ ముందు వరసలో కూర్చుని చూస్తుండగా.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. వాయించడమంటే మరీ ఊహించుకోకండి. ఎవరు పాడితే వాళ్ళ వెనకాల, బస్సు తప్పినవాడిలా పరిగెత్తేవాణ్ణి, అంతే. కానీ లోపల మాత్రం గొప్ప సంగీత దర్శకుణ్ణన్న నమ్మకం ఒకటుండేది. ఆ వయసులో మొటిమలతోపాటు వస్తుంది లెండి అది.

ఆ ఏడు పంటల పండుగకి కొత్త పాట కావాలన్నారు అయ్యగారు. అయ్యగారంటే మా పాస్టరు గారు. "నేను కడతానండీ" అని చెయ్యెత్తేశాను. వారం రోజులు కీబోర్డు ముందు కూర్చుంటే ఒక్క ముక్క తట్టలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం మంచం మీద వాలి కునుకు తీస్తుంటే వచ్చింది చూడండి ఒక రాగం! నిదానంగా, అలలు అలలుగా, ఎక్కణ్ణుంచో తేలివచ్చినట్టు. దిగ్గున లేచి వాయించుకున్నాను. మర్నాడు సాయంత్రం కునుకులో చరణం వచ్చింది. ఇంకో కునుకు తీసేసరికి పాట పూర్తయింది. మాటలు మాత్రం మెలకువగా ఉండి రాశాను.

అయ్యగారికి వినిపిస్తే ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎక్కడ విన్నావయ్యా జయరాజూ దీన్ని?"

"వినలేదండీ. నిద్రలో వచ్చింది."

"నిద్రలోనా!"

"అవునండీ. పైనుంచి" అని ఇంటికప్పుకేసి చూపించాను. పైనుంచి కాదు, పక్కనుంచి వచ్చిందని నాకప్పటికి తెలీదు.

"అయితే పండుగనాడు ఆ సంగతి నువ్వే సాక్ష్యం చెప్పు బాబూ. వినేవాళ్ళకి బలంగా ఉంటుంది" అన్నారాయన.

నాగాయలంకలో ఉన్న మా అమ్మకి కబురు పెట్టాను. కూలికి వెళ్ళి నన్ను చదివించిన మనిషి. ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని బస్సెక్కి, బందరు చేరేదాకా కండక్టరుతో సహా అందరికీ చెప్పిందట, "మా అబ్బాయి పాట కట్టాడండీ" అని.

పండుగనాడు చర్చంతా వరి కంకులు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ రాగం నా నిద్రలోకి ఎలా దిగివచ్చిందో పావుగంట సాక్ష్యం చెప్పాను. ఆడవాళ్ళ వైపునుంచి రెండు మూడు వెక్కిళ్ళు కూడా వినిపించాయి. ఇక కీబోర్డు మీద వేళ్ళు పెట్టాను.

మొదటి వరస వాయించానో లేదో, చాపల మీద కూర్చున్న సండేస్కూలు పిల్లలందరూ ఒక్కసారి తలెత్తారు. రెండో వరసకి వాళ్ళ బొటనవేళ్ళు కదలడం మొదలైంది. కనిపించని మీటలేవో టకటకా నొక్కుతున్నట్టు. పాట పిల్లల్ని కూడా కదిలిస్తోంది కదా అని పొంగిపోయాను. రాగంలో ఒకచోట చిన్న విరామం ఉంది. అక్కడ కళ్ళు మూసుకుని, ఎంతో భక్తిగా ఆగాను.

పిల్లలంతా ఒక్క గొంతుతో "బెక బెక!" అన్నారు.

అయ్యగారు లేచారు. "ఏమిటర్రా అది?"

సునీత నిలబడింది. మా పక్క వాటాలో ఉండే పిల్ల, ఆరో తరగతి. అడక్కపోతే మాట్లాడదు, అడిగితే ఆగదు.

"అక్కడ కప్ప గెంతుతుందండీ అయ్యగారూ."

"ఏ కప్ప?"

"టీవీ గేములో కప్పండీ. ఇది దాని పాట."

"ఇదా?"

"అవునండీ. మొదటి గేములో ఉత్త టింగు టింగుమంటుందండీ. ఆ మిషన్లో అంతకన్నా పట్టదంట, మా బాబాయి చెప్పాడు. రెండో గేములో కప్ప నీళ్ళలోకి దిగుతుందండీ, అందుకని అదే పాట నిదానం చేశారు. సార్ వాయించింది అదే. మూడో గేము గుడివాడలో మా బాబాయి కంప్యూటర్లో చూశానండీ. అందులో కప్ప రాజవుతుంది. డోళ్ళు, బూరలు, పాడేవాళ్ళు, అన్నీ ఉంటాయి. ఎన్ని గేములొచ్చినా పాట మాత్రం మార్చరండీ. వినగానే కప్ప అని తెలియాలిగా మరి."

"మరి మన జయరాజుకి నిద్రలో..."

"సార్ మంచం మా టీవీ గోడకి అవతలే ఉంటుందండీ. మేం రోజూ సాయంత్రం ఆడతాం." అక్కడితో కూర్చోవచ్చుగా? కూర్చోలేదు. నాకేసి జాలిగా చూసి, "రెండోది తీసుకున్నారు గానీ సార్, పండుగకి మూడోదైతే ఇంకా బాగుండేదండీ" అంది.

చర్చి ఒక్కసారిగా గొల్లుమంది. ఇంతకుముందు వెక్కినవాళ్ళు మళ్ళీ వెక్కుతున్నారు, ఈసారి నవ్వలేక. నేను లేచి, "నిజంగా తెలీదండీ, క్షమించండి" అన్నాను. చెవులు కాలిపోతున్నాయి. మా అమ్మ ఉన్నవైపు చూసే ధైర్యం లేదు.

అయ్యగారు జేబురుమాలుతో మొహం దాచుకుని, భుజాలు కుదురుకున్నాక, "కప్పని చేసినవాడూ ఆయనేగా బాబూ. కూర్చుని వాయించు" అన్నారు. వాయించాను. అందరూ పాడారు. విరామం దగ్గర పిల్లలతోపాటు పెద్దలు కూడా బెకబెకలాడారు.

ఆరాధన అయ్యాక చెప్పులు విడిచిన చోట అమ్మ కనిపించింది.

"అమ్మా, అది నేను కట్టింది కాదే."

"విన్నాన్లే. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

"బస్సులో అందరికీ చెప్పావుగా..."

"చెబితే ఏమైంది? పాట బాగుందా లేదా?"

"బాగుంది."

"కట్టిందెవరు?"

"తెలీదమ్మా. ఏ దేశంవాడో."

అమ్మ చెప్పులు వేసుకుంది. "వాళ్ళమ్మకి తెలుసో లేదో పాపం, ఇవాళ బందరులో ఇంతమంది దాన్ని పాడారని" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ పాటని ఎవరో ఒక మనిషి కూర్చుని కట్టి ఉంటాడని నాకు అంతవరకూ తోచనే లేదు.

ఆ మధ్యాహ్నమే, చర్చి మెట్ల మీద నిలబడి, గుండె మీద చెయ్యేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఊరు ఊరంతా విచారించనిదే ఏ రాగాన్నీ నాదనను గాక అనను. ఆ ఒట్టు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పే అవకాశమూ రాలేదు లెండి. ఆ తర్వాత నాకు ఒక్క రాగమైనా తడితే కదా!