అడ్డరేకుల పెట్టె

మా మామగారి గాలాల పెట్టె విప్పి సర్దినన్ని సార్లు నేను మా ఇంట్లో అన్నం గిన్నె కూడా కడిగి ఉండనేమో. కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానని నాకూ తెలుసు. కానీ ఆ ఎండాకాలం తలుచుకుంటే మాచర్ల ఎండ కంటే ముందు ఆ పెట్టె మూత చప్పుడే గుర్తొస్తుంది. ఇప్పటికీ చిరాకు, దాని వెనకాలే ఇంకోటి కూడా వస్తుంది. అదేమిటో చెప్పడానికే ఇదంతా.

ఎనభైల మధ్యలో మాట. స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మామగారు మోటార్లకు వైండింగు కట్టే మెకానిక్కు. చుట్టుపక్కల పొలాల్లో ఎవరి మోటారు కాలిపోయినా బండెక్కి ఆయన షాపుకే వచ్చేది. ఆదివారం మాత్రం షాపుకి తాళం వేసి సాగర్ కాలవ గట్టు మీదకో, చంద్రవంక మడుగుల దగ్గరకో గాలం పట్టుకుని పోయేవారు. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆవిడ పోయాక ఆయనకి మిగిలిన సరదా అదొక్కటేనని మా ఆయన అంటుండేవాడు.

ఆ పెట్టెని ఆయన స్నేహితుడు, రేకు పనిచేసే సాయిబు, నూనె డబ్బాలు కోసి చేసిచ్చాడు. లోపల నిలువునా అడ్డంగా గాడులుంటాయి. ఆ గాడుల్లో సన్నటి అడ్డరేకులు దించితే అరలవుతాయి, పీకేస్తే రెండు అరలు కలిసి ఒకటవుతుంది. ఎంత అర కావాలంటే అంత చేసుకోవచ్చు. జెల్ల చేపలకి చిన్న గాలాలు ఒక అరలో, వాలుగలకి పెద్దవి ఒక అరలో, దారానికి బరువుగా కట్టడానికి పాత బ్యాటరీల సీసం కరిగించి పోసిన గుండ్లు ఒక అరలో, నీళ్ళ మీద తేలడానికి నెమలీక కాడలతో చేసిన బెండ్లు పొడుగాటి అరలో ఉండేవి. ఇవన్నీ కాక దొంగ ఎరలని ఉండేవి. ఇత్తడి రేకుని చేప ఆకారంలో కత్తిరించి, కోడి ఈక పెట్టి, మోటారు వైండింగులో మిగిలిన రాగి తీగతో చుట్టినవి. నీళ్ళలో లాగితే చేపపిల్ల ఈదుతున్నట్టే ఉంటుందట. నేను చూడలేదు. ఆడవాళ్ళని గట్టు మీదకి ఎవరు తీసుకుపోయారు గనక!

మంచిరోజుల్లో ఆ పెట్టె మీద ఎవరూ చెయ్యి వేయడానికి లేదు. ఒకసారి దుమ్ము తుడుద్దామని పక్కకి జరిపినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషి ఒక పొద్దున షాపులో మోటారు విప్పుతూ విప్పుతూ పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి, మాట పోయింది. నరసరావుపేటలో డాక్టరు ఇరవై రోజులు ఉంచుకుని, మాటలు ఒక్కొక్కటే రావచ్చు, ఓపిగ్గా ఉండండి అని పంపించేశాడు. ఆ ఓపిక ఎవరు పట్టాలో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మా ఆయన పొద్దున్నే షాపుకి పోతే పొద్దుగూకాకే రాక. ఇంట్లో ఉండేది నేను.

ముందు గదిలో మాత్రమే ఫ్యాను ఉంది కాబట్టి మామగారి మంచం అక్కడే వేశాం. నా కుట్టు మిషను కూడా అక్కడే. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్లు గుట్టగా పడి ఉండేవి. ఆయనకి స్నానం చేయించడానికి పక్కింటాయన సాయం వచ్చేవాడు. తతిమ్మా అంతా నాదే. జావ తాగించడం, మూతి తుడవడం, పక్క మార్చడం, మధ్యలో వచ్చి రెండు కుట్లు వేయడం. నడుం విరిగినట్టయ్యేది. విసుగొస్తే పైకే గొణుక్కునేదాన్ని, ఆయన వింటున్నారన్న స్పృహ కూడా ఉండేది కాదు.

నా సామానంతా ఒక పాత పౌడరు డబ్బాలో ఉండేది. జాకెట్ల హుక్కులు, టిచ్ బటన్లు, సూదులు, అరిగిన చాక్ ముక్కలు, అన్నీ కలగాపులగం. ఒక్క హుక్కు కోసం డబ్బా బోర్లిస్తే నాలుగు కిందపడేవి. మా ఇంట్లో నేలంతా నాపరాళ్ళు. రాయికీ రాయికీ మధ్య సందులోకి హుక్కు దూరిందంటే ఇక మోకాళ్ళ మీద కూర్చుని, చీపురుపుల్ల పెట్టి గెలకడమే. "ఈ హుక్కులు ఎక్కడ చచ్చినయ్యో" అని రోజుకి పదిసార్లు అనేదాన్ని.

ఆయనకి ముందు మూడు మాటలొచ్చాయి. నీళ్ళు, అమ్మాయ్, కాదు. అమ్మాయ్ అంటే నేనే. నెల తర్వాత ఒక మధ్యాహ్నం, నేను కింద కూర్చుని ఏదో వెతుక్కుంటుంటే, మంచం మీద నుంచి నాలుగో మాట వినపడింది.

"హుక్కు."

నాలుక మందంగా ఉన్నా స్పష్టంగానే అన్నారు. ఎడమచెయ్యి మంచం కిందికి చూపిస్తోంది. అక్కడ గాలాల పెట్టె ఉంది. గాలాన్నీ హుక్కనే అంటారు కదా అనుకున్నాను.

సాయంత్రం మా ఆయనకి చెబితే చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా మంచం దగ్గరకి పరిగెత్తాడు. "నాన్నకి గాలాలు గుర్తొచ్చినయ్యే! కాలవకి నీళ్ళొదలంగానే నేనే తీసకపోతా. కుర్చీ ఏసి గట్టు మీద కూర్చోబెడతా. రోజూ ఆ పెట్టె తీసి చూపియ్యి, చెయ్యి కూడా ఆడద్ది" అన్నాడు. మా ఆయన మొహంలో అంత సంతోషం నేను పెళ్ళిరోజు కూడా చూడలేదు. సరేనన్నాను.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం రైలు కూత వినపడే వేళకి ఆయన "హుక్కు" అనేవారు. నేను మిషను మీద నుంచి లేచి, పెట్టె ఆయన పక్కన పెట్టి, గాలాల అర చూపించేదాన్ని. "ఇవిగో మామయ్యా, హుక్కులు." ఆయన తల అడ్డంగా తిప్పి "కాదు" అనేవారు. పెద్ద గాలాలు చూపించినా కాదు, దొంగ ఎరలు చూపించినా కాదు. చివరికి తనే ఎడమచేత్తో అడ్డరేకులు పీకి, గాలాలూ గుండ్లూ దుప్పటి మీద గుమ్మరించి, రేకుల్ని మళ్ళీ గాడుల్లో దించడానికి తంటాలు పడేవారు. దించినవి ఎప్పుడూ దగ్గర దగ్గరగా దించేవారు. బొటనవేలు పట్టేంత బుల్లి అరలు, వరసగా. చెయ్యి వణకడం వల్ల సరైన గాడి దొరకడం లేదనుకున్నాను. ఆయన అలసి కళ్ళు మూసుకున్నాక నేను కూర్చుని, దుప్పటిలో గుచ్చుకున్న గాలాలు ఒక్కొక్కటే ఊడదీసి, రేకులు పాత చోట్ల పెట్టి, అన్నీ ఎక్కడివక్కడ సర్దేదాన్ని. మర్నాడు ఆయన మళ్ళీ గుమ్మరించేవారు. మళ్ళీ నేను సర్దేదాన్ని. నా వేళ్ళకి గాలాలు గుచ్చుకోని రోజు లేదు.

ఇరవై రోజులు ఇలా జరిగాక నా వల్ల కాలేదు. మర్నాడు పెళ్ళి పెట్టుకుని ఆరు జాకెట్లు మిషను మీద ఉన్నాయి. పెళ్ళివాళ్ళ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడి తొందర పెట్టి వెళ్ళింది. అప్పుడు ఆయన "హుక్కు" అన్నారు. నేను లేవలేదు. మళ్ళీ అన్నారు. మూడోసారికి లేచి పెట్టె తీసి విసురుగా మంచం మీద పెట్టాను. ఎప్పటిలాగే అన్నీ ఒక మూలకి నెట్టి, బుల్లి అరలు చేసి, నా వైపు చూసి మళ్ళీ "హుక్కు" అన్నారు.

"మామయ్యా, మీరు తీసేది, నేను పెట్టేది. ఇదేనా నా బతుకు? మీ గాలాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకా ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఇంకోసారి హుక్కన్నారంటే మా పుట్టింటికి పోతా, మీరూ మీ కొడుకూ మీ గాలాలూ ఉండండి ఇక్కడ!"

అని, సర్దకుండానే మూత వేసి, స్టూలెక్కి పెట్టెని అటక మీద పడేశాను. దిగేసరికి ఆయన మొహం గోడ వైపు తిరిగి ఉంది.

ఆ తర్వాత ఆయన ఆ మాట అనలేదు. మా ఆయన అడిగితే, అడగడం మానేశారులే అన్నాను. అబద్ధమేమీ కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. వారం రోజులు మధ్యాహ్నం పూట ప్రశాంతంగా జాకెట్లు కుట్టుకున్నాను. ఆయన నీళ్ళు కూడా అడగడం తగ్గించారని గమనించాను, పట్టించుకోలేదు.

అప్పుడు వచ్చాడు పెట్టె చేసిన సాయిబు. ఆయన్ని నేను బాబాయ్ అని పిలుస్తాను. కంటి ఆపరేషనుకని గుంటూరు పోయి, మూడు నెలలు కూతురింట్లోనే ఉండిపోయాడు. వస్తూనే మంచం పక్కన కూలబడి మామగారి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మంచం కిందికి వంగి చూసి, "ఏంది బావా, మన పెట్టె ఏదీ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని అప్పటిదాకా కాచుకుని ఉన్నట్టున్నాను. ఆయన హుక్కు అనడం, నేను గాలాలు చూపించడం, ఆయన కాదనడం, గుమ్మరించడం, నేను అరవడం, అన్నీ చెప్పేశాను.

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "హుక్కా? హుక్కు అన్నాడా?"

"అవును బాబాయ్. రోజూ అదే మాట."

"బావ నోట ఆ మాట నేనెన్నడూ ఇన్లేదమ్మా. ముప్పై ఏళ్ళ నుంచి ఈయన పక్కన గట్టు మీద కూచుంటన్నా. చిన్నదైనా గాలమే అంటాడు, పెద్దదైనా గాలమే అంటాడు. హుక్కులంటే మీ ఆడోళ్ళు జాకెట్లకి కుట్టుకునేయి గదా."

నేను మిషను వైపు చూశాను. పౌడరు డబ్బా మూత లేకుండా ఉంది.

బాబాయే స్టూలెక్కి పెట్టె దించాడు. నేను సర్దకుండా మూసింది కాబట్టి ఆయన చివరిసారి చేసిన అరలు అలాగే ఉన్నాయి. గాలాలూ గుండ్లూ దొంగ ఎరలూ అన్నీ ఒక మూలకి ఇరుక్కుని ఉన్నాయి. ముందు వరసంతా ఖాళీ, ఆరేడు బుల్లి అరలు. బాబాయి ఒక అరలో వేలు పెట్టి చూశాడు. "ఇంత ఇరుకులో గాలం ఏం పడద్దమ్మా? పెట్టె చేసింది నేను, నాకు తెలవదా? చెయ్యి వణికి పెట్టినయ్యి కావు ఇవి, చానా కొలిచి పెట్టాడు."

డబ్బాలోంచి ఒక జాకెట్టు హుక్కు తీసి మామగారి ఎడమ అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని కళ్ళ దగ్గరకి తెచ్చుకుని చూశారు. "హుక్కు" అన్నారు. మొదటి అరలో వేయబోతే పక్కన పడింది. మళ్ళీ తీసి వేశారు. ఈసారి పడింది.

ఆ గదిలో ఆయన చెవిన రోజుకి పదిసార్లు పడిన మాట అదొక్కటే. నేనే నేర్పాను. నేను నేల మీద మోకాళ్ళతో పాకుతూ వెతకడం మంచం మీద నుంచి నెలన్నర చూసి, ఆ మనిషి చేయగలిగింది అది.

మిగతావి ఆయన చూపిస్తుంటే నేను వేశాను. టిచ్ బటన్లు ఒక అర, సూదులు ఒకటి, చాక్ ముక్కలు ఒకటి. దారం చుట్టిన బాబిన్లకి చోటు చాల్లేదు. అప్పుడు ఆయన గాలాలున్న మూల అడ్డరేకు పీకి, అవన్నీ చేత్తో బాబాయి వైపు తోశారు.

"ఏంది బావా ఇది? కాలవకి నీళ్ళొచ్చినాక నీకు కావద్దా?" అన్నాడు బాబాయి. గొంతులో ధైర్యం తెచ్చుకుని అన్నాడని తెలుస్తూనే ఉంది.

"కాదు" అన్నారు మామగారు.

కోపంగా అనలేదు. దిగులుగా కూడా అనలేదు. ఆయనకి తన కాలూ చెయ్యీ సంగతి మా అందరికంటే ముందే తెలుసు. గట్టు మీదకి తయారవుతున్నారని మేము రోజూ ముచ్చటపడుతుంటే, ఆయన రోజూ ఆ పెట్టె ఖాళీ చేస్తున్నారు. నేను రోజూ నింపి పెట్టాను. బాబాయి తువ్వాలు పరిచి గాలాలు, గుండ్లు, దొంగ ఎరలు అందులో మూట కట్టుకున్నాడు. పోతూ గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి మిషను మీదున్న పెట్టె తెరిచి చూశాడు. "మరి నాన్న గాలాలు?" అన్నాడు. బాబాయికి ఇచ్చేశారని చెప్పాను. దొడ్లోకి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. గ్రీజు ఎప్పుడో పోయి ఉంటుంది, అయినా కడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రైలు కూసింది. నేను జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను. చెయ్యి చాపితే హుక్కు చేతికొచ్చేది, ఒక్కటీ కింద పడలేదు, ఒక్కసారీ వంగాల్సిన పని పడలేదు. మామగారు నా వైపే తిరిగి పడుకుని చూస్తున్నారు. క్షమించమని అడుగుదామనుకున్నాను, మామగారితో అలాంటి మాటలు మాకు అలవాటు లేవు. లేచి గ్లాసులో నీళ్ళు పోసి దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన అడగలేదు, అయినా తాగారు.