ముసలమ్మ కింద రేకు పళ్లెం

మా మెకానిక్ క్లెమ్ థర్కెటిల్ పొద్దున్నే వస్తే ముందు పలకరించేది నన్ను కాదు, ముసలమ్మని. ముసలమ్మంటే మా స్కెల్బీ ఎయిర్‌ఫీల్డు షెడ్డులో ఉండే యుద్ధకాలం నాటి విమానం. రెక్కల మీద రెక్కలు, పైన కప్పు లేని మూడు సీట్లు, ముక్కున ఒక్కటే ఇంజను. అలాంటివాటిలో ఇంకా ఎగిరేవి ప్రపంచం మొత్తం వెతికినా చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పాత ఇంజను కదా, ఎప్పుడూ ఆయిలు కారుతూనే ఉండేది. కింద ఓ రేకు పళ్లెం పెట్టేవాళ్లు. క్లెమ్ రోజూ వంగి, అందులో ఆయిలు వేళ్ల మధ్య రుద్ది, కిటికీ వెలుగులో చూసేవాడు. లోపల ఏదైనా అరుగుతుంటే ఆయిల్లో ఇనప పొడి మెరుస్తుందట. అవే చేతుల్తో నా క్యాంటీన్‌కొచ్చి బేకన్ రోల్ అడిగేవాడు.

"చేతులు కడుక్కోకపోతే పెట్టను" అనేదాన్ని.

"కడిగితే రుచి పోతుంది జూన్" అనేవాడు.

ఏళ్ల తరబడి ఇదే గోల. ఇప్పుడా గోల లేక క్యాంటీన్ బోసిపోయింది.

క్లెమ్ కడుపులో ఉండగానే వాళ్ల నాన్న పోయాడు. సరిగ్గా ఇలాంటి విమానంలోనే, మూడో సీట్లో, వైర్‌లెస్ పెట్టె ముందు కూర్చుని నార్వే మీదికెళ్లి తిరిగి రాలేదు. అక్కడ కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రంలో పడిపోయారు. వాళ్లమ్మ మాత్రం బతికినన్నాళ్లూ గుమ్మంలో చప్పుడైతే లేచి చూసేదట. ఆ నార్వే ఊరివాళ్లు నీళ్ల ఒడ్డున పోయినవాళ్ల గుర్తుగా ఒక రాయి నిలబెట్టి, ముసలమ్మని తీసుకొచ్చి ఒక్కసారి ఊరిమీద తిప్పమని కబురు పెట్టారు. ఆ మూడో సీట్లో కూర్చుని ఆ నీళ్లు చూడాలని క్లెమ్ పంచప్రాణాలూ పెట్టుకున్నాడు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. దూర ప్రయాణమైతే ఇంజనుకి ఆఖరి బోల్టు బిగించినవాళ్లే మూడో సీట్లో ఎక్కాలి. బిగించిన చెయ్యి కూడా నీళ్ల మీదికి రావాలని, అప్పుడే జాగ్రత్తగా బిగిస్తుందని దాని అర్థం. అంటే క్లెమ్ వెళ్లడం ఖాయమే.

కానీ నార్వే అంటే మాటలా? ముసలమ్మ ఒక గంట ఎగిరితే నా క్యాంటీన్ నెల సంపాదన తాగేస్తుంది. బీమావాళ్లు ఆ ఒక్క వారానికే ఒప్పుకున్నారు, అదీ గీసి గీసి బేరమాడాక. ఉత్తరాన షెట్లాండ్ దాకా దీవుల మీదుగా పోవచ్చు. అక్కణ్నుంచి అంతా చలి సముద్రమే. ఇంజను ఆగితే రబ్బరు సూట్లేసుకున్నా ఎంతోసేపు తట్టుకోలేరు. నడిపేది రోజలిండ్. వారమంతా ప్రయాణికుల విమానాలు నడిపి, సెలవు రోజుల్లో జీతం లేకుండా ముసలమ్మని నడిపేది. ఇంట్లో పాలుతాగే పిల్ల.

బయల్దేరే ముందురోజు పత్రికలవాళ్లొస్తున్నారని మా విమానం తుడిచే బృందానికి పూనకం వచ్చింది. రిటైరైన టీచరమ్మ హెస్టర్ వాళ్లకి పెద్ద. ప్రేమ ఎక్కువైపోయి, నా సింకులో గిన్నెలు తోమే స్టీల్ పీచు పట్టుకుపోయి, ఇంజను చుట్టూ ఉన్న రేకునీ కింది పళ్లేన్నీ తళతళలాడేలా తోమిపెట్టింది.

పొద్దున క్లెమ్ పళ్లెంలో వేలు పెట్టాడు. రాత్రి కారిన నాలుగు చుక్కల్లో మిలమిలా ఇనప పొడి. పళ్లెం ఎత్తి, తళతళలాడే అంచు చూశాడు.

"ఇది ఎవరు తోమారు?" అన్నాడు.

హెస్టర్ నవ్వుతూ చెయ్యెత్తింది. ఆ పొడి పీచుదా, ఇంజనుదా? ఆయిలు జల్లెడ విప్పి చూస్తే అక్కడేం లేదు. రోజలిండ్ సూటు వేసుకునే ఉంది.

"జల్లెడ శుభ్రంగానే ఉందిగా క్లెమ్. అది పీచే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది."

"మరింకేం?"

"అరుగుడు ఇప్పుడే మొదలైతే జల్లెడ దాకా రాదు. ఇంజను విప్పితే గానీ తెలీదు."

"విప్పితే ఈ వారం పోతుంది. మళ్లీ ఎవరిస్తారు బీమా? నువ్వు వెళ్లాల్సింది నువ్వే చెడగొట్టుకుంటావా?"

"నేనొక్కణ్నే అయితే ఇప్పుడే ఎక్కేవాణ్ని తల్లీ. ముందు సీట్లో నువ్వుంటావు. మా అమ్మ ఎలా బతికిందో నాకు తెలుసు. నీ పిల్లకి అది వద్దు."

అని పక్కకొచ్చి, వేసుకున్న సూటు జిప్పు లాగి విప్పేశాడు. నేను హెస్టర్‌ని నాలుగు దులుపుదామని వెళ్లాను. ఆవిడ షెడ్డు వెనకాల కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. టీ ఇచ్చి వచ్చేశాను.

చలికాలమంతా ఇంజను విప్పారు. లోపల ఏ లోపమూ లేదు. అది నా పీచే. నాకు ఒళ్లు మండిపోయింది. క్లెమ్ మాత్రం "ఇంజను బాగుందంటే సంతోషించాలి గానీ, ఏడుస్తారేంటి?" అన్నాడు. ఆ మాటంటూనే ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ విప్పుడుకి మేం ముసలమ్మ కోసం దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. ముసలమ్మ రెండేళ్లు నేల మీదే ఉంది.

హెస్టర్ తుడవడం మానేసి క్లెమ్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. "టీచరమ్మా, అది సుద్దముక్క కాదు, స్పానరు" అని వీడు, "నా క్లాసులో అయితే నిన్ను మూల నిలబెట్టేదాన్ని" అని ఆవిడ. పొద్దస్తమానం కీచులాటే.

నాలుగో ఏట మళ్లీ డబ్బు కూడింది, బీమా దొరికింది. ఈలోగా క్లెమ్‌కి గుండె ఆపరేషనైంది. పైకప్పు లేని విమానంలో ఎక్కడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. ఆఖరి బోల్టు దగ్గరికి వచ్చేసరికి స్పానరు కాసేపు చేతిలోనే ఉంచుకుని, హెస్టర్‌కి ఇచ్చాడు.

"ఇది నీ సీటు" అంది హెస్టర్.

"బోల్టు నువ్వు బిగించు. సీటు నీదవుతుంది. అక్కడ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసొచ్చి చెప్పు."

రోజలిండూ హెస్టరూ వెళ్లారు. ఆ నార్వే ఊరిమీద తిరిగామని తిరుగుదారిలో షెట్లాండ్ నుంచి ఫోన్ చేశారు. తిరిగొచ్చే రోజు క్లెమ్ నా క్యాంటీన్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. పెట్టిన రోల్ చల్లారిపోయింది. చెప్పిన వేళ దాటిపోయింది. గాలి ఎదురుగా వీస్తోంది, ఆలస్యమవుతుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరం ఉత్తరం వైపే చూస్తున్నాం.

"అమ్మ ఇలాగే కూర్చునేది" అన్నాడు చివరికి. "నేనెప్పుడూ నాన్న సీటు గురించే ఆలోచించాను జూన్. ఈ బెంచీ గురించి ఆలోచించలేదు."

ఉత్తరాన ముసలమ్మ ఇంజను గరగర వినిపించింది. నాకంటే ముందు వాడికే వినిపించింది.

ముసలమ్మ దిగి, షెడ్డు ముందుకొచ్చి ఆగింది. హెస్టర్ మూడో సీట్లోంచి దిగుతూ "ఆకుపచ్చ, క్లెమ్. నీళ్లు ముదురాకుపచ్చ" అంది. వాడు తలూపి, రేకు పళ్లెం తెచ్చి ఇంజను కింద పెట్టాడు. మొదటి చుక్క పడ్డాక వేలితో తీసి చూశాడు. శుభ్రమైన నల్లటి ఆయిలు.

ఆ వేలు చొక్కాకి తుడుచుకుని, "అమ్మా, ఈసారి ఇంటికొచ్చారు" అన్నాడు. అక్కడున్న మాలో ఎవరితోనూ కాదు ఆ మాట.