బ్రేకు పళ్లేలకు గ్రీజు

డెబ్భై మూడో సంవత్సరం, ఆషాఢమాసం, ఆదివారం, పొద్దున ఏడు గంటలు. ముసురు. హాజరైనవారు: ఫోర్‌మన్ సారు, ఫిట్టర్ కాక, మా అక్క పెనిమిటి డ్రైవర్ బావ, నేను, రోగికి బదులు ఇసుక మూటలు మూడు.

ఆ రోజుల్లో నేను ఎవరెవరు ఉన్నారో రాసుకోనిదే చాయ కూడా తాగేవాణ్ణి కాదు. గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి దగ్గరి వర్క్‌షాపులో రిజిస్టర్లు రాసే కొలువు. ఇరవై రెండేళ్ల వయసు. లోకం గాడి తప్పకుండా నడుస్తున్నదంటే అది నా టిక్కు మార్కుల వల్లేనని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం పోవడానికి ఈ ఒక్క ఆదివారం చాలింది.)

బాయిలో దెబ్బ తగిలినవాళ్లను దవాఖానకు చేర్చడానికి మాకు ఒక పాత మిలిటరీ ట్రక్కు ఉండేది. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి ఎంత బురదలోనూ ఆగేది కాదు. ఆగాల్సిన చోట కూడా ఆగకపోవడమే బాధ. దారిలో వాగు దాటాలి. దాటేటప్పుడు చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ముల్లోకి నీళ్లు పోయేవి. అవి ఆరేదాకా బ్రేకు పట్టేది కాదు. వాగు దాటి గట్టెక్కగానే దిగుడు, దిగుడు కింద కల్వర్టు. నెల కింద బాయిలో పైకప్పు కూలి నడుము విరిగిన ఒకాయనను బావ తీసుకుపోతుంటే, బండి ఆగక ఆ కల్వర్టు గోడకు గుద్దుకుంది. దవాఖానకు చేరేసరికి ఆయన లేడు. నడుము దెబ్బకు పోయాడో, గోడ దెబ్బకు పోయాడో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. బావను ఎవరూ ఒక్క మాట అనలేదు. బావే అన్నం మానేశాడు. "నా కాలే సరిగ తొక్కలేదేమోరా బామ్మర్ది," ఎప్పుడు చూసినా ఇదే మాట.

తుక్కు యార్డులో పడి ఉన్న ఒక విదేశీ డ్రిల్లింగు బండికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులున్నాయని కనిపెట్టింది కాక. అట్లాంటివి మాలో ఎవరమూ అంతకు ముందు చూసి ఎరగం. "డ్రమ్మంటే మూతవెట్టిన గంజు. లోపటికి నీళ్లు వోతె ఎల్లయి. ఇది పల్లెం. పల్లెం మీద నీళ్లు నిలుస్తయా? గిర్రున తిరిగితె ఎగిరిపోతయి. రెండు దిక్కులకెల్లి పటకారు లెక్క వట్టుకుంటది," అన్నాడు. ఫోర్‌మన్ సారు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఒక్కసారి వాగుల దింపి చూస్త. ఆగిందా, ఉంచుదాం. ఆగలేదా, నీ పల్లేలు తుక్కుల వడేసుడే, డ్రైవర్‌ను బండి దింపుడే."

కాక నాలుగు రోజులు మందపాటి ఇనుప పలకను మా చక్రాల కొలతకు పళ్లేలుగా కోసి, ఆకురాయితో రాకి, ఆ తుక్కు బండి పటకార్లను మా ఇరుసుకు బిగించాడు. డ్రమ్ముల కోసం గొట్టాల్లో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వును తీసేశాడు. అది ఉంటే పళ్లేలు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయట. (అన్నీ అంగుళాలతో సహా డైరీలో ఉన్నాయి.) శనివారం సాయంత్రానికి రెండు పళ్లేలూ అద్దాల్లా మెరుస్తున్నాయి.

మెరవడంతోనే వచ్చింది తంటా. సెలవుకు ముందు రోజు మా వర్క్‌షాపులో ఒక ఆచారం ఉండేది. ముసురుకు తుప్పు పట్టకుండా, మెరిసే ఇనుము ఏది కనబడినా ఫిట్టర్లు గ్రీజు పూయాలి, నేను టిక్కు పెట్టాలి. ఆ రోజు అందరూ జల్దిగా వెళ్లిపోయారు. కాక చెమటోడ్చి పెట్టిన పళ్లేలు బోసిగా వానకు తడుస్తుంటే చూడలేక గ్రీజు డబ్బా అందుకున్నాను. చక్రాల సందుల్లోంచి చెయ్యి దూర్చి, బాలింత పసిగుడ్డుకు నూనె రాసినంత ప్రేమగా పూసి, టిక్కు పెట్టి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం వాగుదాకా దారంతా లోతు బురదే కాబట్టి బ్రేకుతో పని పడలేదు. ఫోర్‌మన్ సారూ కాకా ముందుగానే పోయి కల్వర్టు దగ్గర నిలబడ్డారు. బండి వెనక మూటల పక్కన నేను. బండి వాగులో దిగింది, గట్టెక్కింది, దిగుడులో పడింది. బావ బ్రేకు తొక్కడం క్యాబిన్ వెనక కిటికీ అద్దంలోంచి చూశాను. ఒకసారి. రెండోసారి. తర్వాత రెండు కాళ్లతో. చివరికి స్టీరింగు తిప్పేసి పక్కనున్న మట్టికుప్ప మీదికి ఎక్కించాడు. మూటల్లో రెండు పగిలాయి. అవి మూటలు కాబట్టి సరిపోయింది.

బావ కిందికి దిగాడు. "నేను చెప్పలె? నా కాలే. నాతోని కాదిగ." ఫోర్‌మన్ సారు చెయ్యి చాపాడు. బావ తాళం చెవి ఇచ్చేశాడు.

కాక చక్రం వెనక వేలు పెట్టి, తీసి వాసన చూశాడు. "గిదేంది? గీడ గ్రీజు ఎవడు వెట్టిండు?"

పారిపోదామనుకున్నాను. అలవాటు ఊరుకోలేదు. డైరీ తెరిచి చదివాను: "సాయంత్రం నాలుగున్నర. బ్రేకు పళ్లేలు రెండు. రెండు వైపులా. నేనే."

"రెండు దిక్కుల గూడనా! ఒక్క దిక్కన్న మరిసిపోలేవారా, సగమన్న పట్టు గదరా!" కాక తల పట్టుకున్నాడు.

"టిక్కు గూడ వెట్టినవా?" అన్నాడు ఫోర్‌మన్ సారు.

"పెట్టిన, సార్."

బావ మాత్రం తిట్టలేదు. నా దగ్గరికి వచ్చి భుజాలు పట్టుకున్నాడు. "గ్రీజేనా? నా కాలు కాదా? ఒట్టెయ్యి."

"నేనే బావా. అవ్వతోడు."

జీవితంలో నేను చేసిన తప్పు ఇంకొకరి ముఖానికి అంత వెలుగు తేవడం అదొక్కసారే.

ఆ రోజంతా కాక పెట్రోలుతో పళ్లేలు కడిగాడు. పళ్లేన్ని నొక్కే పటకారు దిమ్మలను గరుకు కాగితంతో రుద్దాడు. నన్ను అటువైపు రానివ్వలేదు. ఇంకొక్కసారికి ఫోర్‌మన్ సారు ఒప్పుకుని తాళం చెవి బావకు తిరిగి ఇచ్చాడు.

మరునాడు పొద్దున బావ, "మూటలు వద్దు సార్. వీడు పండుకుంటడు," అన్నాడు. రోగులను పడుకోబెట్టే పలక మీద నన్ను వేసి చేతులతో సహా బెల్టు బిగించారు. వాగు దాటాం. దిగుడులో బావ బ్రేకు తొక్కాడు. బండి కల్వర్టుకు ఇవతలే గింజుకుని నిలబడిపోయింది. నేను బెల్టు కిందే ముందుకు జారి క్యాబిన్‌కు తల గుద్దుకున్నాను. "ఆగింది బావా!" అని అరిచాను. "లేవకు. ఇంకోసారి," అన్నాడు. అట్లా ఐదుసార్లు. ఆరోసారి కల్వర్టు దగ్గర ఆపి, మెల్లగా దాటించి, నేరుగా దవాఖానకు పోనిచ్చాడు.

బండి చప్పుడు విని కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? పానం ఉన్నదా?"

"ఉన్నది," అన్నాడు బావ. "పానంతోనే తెచ్చిన. సూస్కో." ఆ మాట అని మెట్ల మీద కూలబడి, తువ్వాలలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. కాంపౌండరు ఆయన పక్కనే కూచున్నాడు. నన్ను విప్పాలన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. నెత్తి బొప్పి కట్టి, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేక, పిలవడానికి మనసొప్పక అట్లాగే పడి ఉన్న ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాడి మీద ఇప్పుడు నాకు కోపం రాదు. వాడు చేసిన పనుల్లో తెలివైనది బహుశా ఆ ఊరుకోవడమే.