సుంకులమ్మ వేళ్లు

మొన్న ఆసుపత్రిలో రక్తపోటు చూడడానికి నా చేతికి పట్టీ చుట్టారు. గాలి నిండి అది కండను బిగించేసరికి ఎప్పటిదో కోపం మళ్లీ రేగింది. 1957లో, నంద్యాలలో డాక్టర్ రూతమ్మ గారి దగ్గర నేను నర్సుగా చేరిన కొత్తలో జరిగిందది.

ఒక ఉదయం ఆళ్లగడ్డ నుంచి సుంకులమ్మను బస్సు సీటు మీద పడుకోబెట్టి తెచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆమెకు గొంతుగడ్డ తీసేశారు. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుందని, వేళ్లు కొంకర్లు పోతున్నాయని చెబితే, కోసిన సర్జనే అదంతా నటన అన్నాడట. ఇంట్లోవాళ్లకు ఆ మాట చాలింది. ముందు తిట్టారు, తర్వాత దయ్యమన్నారు, వేపమండలతో కొట్టి మంచానికి కట్టేశారు. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న పుండ్లు చూసి నాకు ఏడుపొచ్చింది. రూతమ్మ గారు మాత్రం వెంటనే నరంలోకి కాల్షియం నిదానంగా ఎక్కించారు. చూస్తుండగానే ముడుచుకున్న వేళ్లు విచ్చుకున్నాయి. గొంతుగడ్డగా లేచే థైరాయిడ్ వెనక గింజలంత గ్రంథులుంటాయనీ, ఆపరేషన్‌లో అవి దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోతుందనీ సుంకులమ్మను తెచ్చిన భర్తకు విడమరిచి చెప్పారు.

"నటిస్తాండాదని పెద్ద డాక్టరే అన్నాడు గదమ్మా, మాకేం తెలుస్తాది?" అన్నాడతను.

"కట్టేసింది నీ చేతులే గదప్పా," అన్నారావిడ.

నంద్యాలలోనే ఉన్న ఆ సర్జన్‌కు కబురు పెడితే రాలేదు. సుంకులమ్మ కాస్త కోలుకున్నాక ఆమెనూ, భర్తనూ, నన్నూ వెంటబెట్టుకుని రూతమ్మ గారే వెళ్లారు. ఆయన కూర్చోమని కూడా అనలేదు. ఆడవాళ్ల నరాల బలహీనత మీకు తెలియనిదా అని నవ్వాడు. రూతమ్మ గారు సరేనా అని సుంకులమ్మను అడిగి, ఆయన బల్ల మీది బీపీ పట్టీనే ఆమె చేతికి చుట్టి, గాలి కొట్టి అలాగే పట్టుకున్నారు. కాసేపటికి బొటనవేలు అరచేతిలోకి మడుచుకుంది. మిగతా వేళ్లు దగ్గరికొచ్చి కొయ్యల్లా బిగుసుకున్నాయి. ఒంట్లో కాల్షియం తక్కువైనవాళ్లకు చేతికి రక్తం ఆపితే వేళ్లు వాటంతటవే అలా కొంకర్లు పోతాయి.

"ఇది నటనైతే మీరూ చేసి చూపించండి," అన్నారు రూతమ్మ గారు.

పట్టీ వదిలాక సుంకులమ్మ భర్తను చూపిస్తూ సర్జన్ వైపు తిరిగింది. "నేను అబద్ధమాడల్యా సారూ. ఆ మాట ఈయప్పకు నీ నోటితోనే చెప్పు."

ఆయన చెప్పలేదు. కాల్షియం ఇస్తూ ఉండండని గొణిగి, తర్వాతి రోగిని పిలిచాడు. ఆ తప్పుకు ఆయన్ని పైవాళ్లెవరూ ఏమీ అడగలేదు. సుంకులమ్మ బతికింది కానీ, బతికినన్నాళ్లూ కాల్షియం మింగుతూనే ఉంది.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ఏ నర్సునూ రోగిని పట్టుకుని 'నటిస్తోంది' అననివ్వలేదు. అన్నవాళ్లను వార్డులోంచి బయటికి పంపేశాను. కఠినురాలినన్నారు. అననీ.