నస్పూర్‌లో రేవు పాట

పక్క క్వార్టర్ పెద్దబాపు పోయారని ఆయన కూతురు, నేను అక్కా అని పిలిచే ఆమె, ఫోన్ చేసింది. అప్పుడు కరీంనగర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "బాపు నిద్రలనే పోయిండు చెల్లే. దగ్గు గూడ రాలే," అంది. ఏడుపు కన్నా ముందు నా మనసు తేలికపడింది. బొగ్గు దుమ్ముతో ఏళ్ళ తరబడి దగ్గిన మనిషి ఆయన.

నస్పూర్ కాలనీలో మా రెండు ఇళ్ళకూ ఒకటే గోడ. సాయంత్రాలు ఆ గోడ మీదుగా ఒక జపాను గాయని పాట వచ్చేది. పెద్దబాపు గనిలో ఫిట్టర్. యంత్రం బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీరు తిరిగి వెళ్తూ ఆయనకు ఆ క్యాసెట్ ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు. "పానా, బోల్టు గాళ్ళకూ గవే గద బిడ్డా, దోస్తీకి గంతే చాలు," అనేవారు.

"అన్నా, మీ జపానామె లేచిందా?" అని మా అమ్మ ఎగతాళి చేసేది.

"లేచింది చెల్లే, చాయ్ అడుగుతుంది."

కాలనీలో ఎవరింట శుభం జరిగినా టేప్‌రికార్డర్ కిటికీలోకి వచ్చేది. అక్క పెళ్ళిలో అప్పగింతలకూ ఆ పాటే పెట్టారు. కొన్నాళ్ళకే బావ జ్వరంతో పోయారు. దినాలకు వచ్చిన చుట్టం ఒకామె అందరి ముందూ అనేసింది: "గది ఏడుపు పాట. సావు పాటేమో! పెండ్లిల పెడ్తరా ఎవలన్నా?"

ఆ రోజు నుంచి గోడ అవతల పాట లేదు.

అక్క పుట్టింట్లోనే ఉండి బడిలో పాఠాలు చెప్పుకుంటోంది. పోయిన ఏడాది నేను ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దబాపు గోడ దగ్గరికి పిలిచి, క్యాసెట్ చేతిలో పెట్టారు. "గిన్ని పుస్తకాలు చదువుతవ్, గిండ్ల ఏమున్నదో జర కనుక్కో. సావు పాటే అయితే నాకే చెప్పు. అక్కకు చెప్పకు."

ఎవరినైనా ఏదైనా అడగాలంటే నాకు బిడియం. అయినా నేను చదువుకున్న కాన్వెంటుకు వెళ్ళాను. అక్కడి ముసలి సిస్టర్ ఒకరు వయసులో ఉన్నప్పుడు జపానులో పనిచేశారు. ప్రార్థన పాటల టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ వేయగానే ఆమె పెదవులు కదిలాయి. యుద్ధంలో కాలిపోయిన ఊళ్ళో కూరగాయలమ్మే వాళ్ళ పిల్లట ఆ గాయని. చిన్నప్పుడు బజార్లో బుట్ట బోర్లించి, దాని మీద నిలబడి పాడేదట. ఆమె పోయినప్పుడు సిస్టర్ ఉన్న వీధిలో దుకాణాలు మూసుకుని రేడియో దగ్గర కూర్చున్నారట.

"ఇది చావు పాట కాదమ్మా. సముద్రం మీదికి పోయిన భర్త కోసం ఒకామె రేవులో దీపం పెట్టింది. చివర్లో పడవ వస్తుంది."

"మరి ఏడుస్తున్నట్టు పాడుతుందేం సిస్టర్?"

"వచ్చాడు కదా, అందుకు."

గోడ దగ్గర ఇదంతా చెప్పాను. "దీపమా? మన ల్యాంపు రూం లెక్కనే," అన్నారు పెద్దబాపు. గనిలోకి దిగేవాళ్ళు అక్కడ తమ నంబరున్న ఇత్తడి బిల్ల ఇచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటారు. పైకొచ్చాక దీపం ఇచ్చేస్తే బిల్ల చేతికొస్తుంది. బిల్ల ఇంకా అక్కడే వేలాడుతుంటే మనిషి కిందే ఉన్నట్టు.

అప్పుడు ఆయన ఇంట్లో ఉన్న అక్కను గట్టిగా పిలిచారు. "బిడ్డా, టేపు బయటికి తియ్యి!"

సంగతి విన్న అక్క తండ్రినే చూస్తూ నిలబడింది. "గిన్నేండ్లు గిదా నీ ఫికర్? నా పెండ్లి పాట నాకెందుకు బంద్ వెట్టినవ్ బాపూ? నీకు మనసొప్పుత లేదేమో అని నేను ఊకున్న."

ఆ సాయంత్రం నుంచి పాట మళ్ళీ గోడ దాటింది.

నేను నస్పూర్ చేరేసరికి వాకిట్లో అందరూ ఉన్నారు. కిటికీలో టేప్‌రికార్డర్ చిన్నగా మోగుతోంది, ఎవరూ ఆపమనలేదు. అక్క అలమారలోంచి ఆయన పాత బిల్ల తెచ్చి, కొంగుతో తుడిచి, తండ్రి అంగీ జేబులో వేసింది. జేబు గుండీ పెట్టి, పైనుంచి అరచేత్తో ఒకసారి అదిమి చూసింది.

"పైకొచ్చిండు," అంది.