ఊరెళ్లేవాళ్ల ఇళ్లు

“ఆనలొచ్చాక ఎవులూ ఊరెల్లరు బాబూ. ఎండలప్పుడైతే ఇల్లు తరవాత ఇల్లు దొరికేది,” అంది కారులో నా పక్కన కూర్చున్న అప్పలనర్సమ్మ. ఆమెను కొత్త కాపలా ఇంటి దగ్గర దించడానికి తీసుకెళ్తున్నాను.

ఊరెళ్లేవాళ్ల ఇళ్లకు కాపలా ఉండడమే ఆమె బతుకు. ఒకప్పుడు మా రైల్వే టౌన్లోని నిమ్‌పురా పేటలో, తమ్ముడి రైల్వే క్వార్టర్లో ఉండేది. అతను పోయాక క్వార్టరు అప్పగించాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆమెకంటూ ఒక గడప లేదు.

ఇందా పేట దాటి చాలా దూరం వచ్చాక రోడ్డుకు రెండు వైపులా సాల్ చెట్ల అడవి, దాని వెనక నీళ్లు నిలిచిన వరిమళ్లు. నల్లమబ్బు కింద ఆ పచ్చదనం చూసి కారు నెమ్మది చేశాను.

“ఎంత బాగుందో చూడు పిన్నీ.”

“బాగానే ఉంది. ఆ మేడకి తాళం ఏసుంది, సూసినావా? ఎక్కడికో ఎల్లినట్టున్నారు.”

మేం వెళ్లిన ఇంట్లో బెంగాలీ దంపతులు ఆమెకు తాళంచెవి ఇచ్చి, పది రోజుల్లో వచ్చేస్తామన్నారు. తొందరేమీ లేదు దీదీ, నిదానంగా రండని అప్పలనర్సమ్మ హిందీలో చెప్పింది.

నేను బయల్దేరుతుంటే కారు కిటికీ దగ్గరికి వచ్చింది.

“ప్రేమ్ బజార్లో నీకు సానామంది తెలుసు గదా. ఎవులైనా ఊరెల్తన్నారంటే నా పేరు సెప్పు బాబూ. మొక్కలకి నీళ్లు గూడా పోస్తానని సెప్పు. ఈళ్లు తిరిగొచ్చే లోపలే సెప్పాల.”